సీనియర్ గ్రాఫిక్ డిజైనర్ కావాలంటే: నెల్లూరు, ఒంగోలు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రెస్సులో డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని) చేస్తున్నవాళ్లు, ఫ్లెక్సీ షాపుల్లో పనిచేసేవాళ్లు, ఫొటో స్టూడియోల్లో ఆల్బమ్‌లు కట్టేవాళ్లు, డిగ్రీ అయిపోయి కోర్సులో చేరినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలివి. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు ఈ పని బాగా తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. తమకు తెలిసిందాని విలువ వాళ్లకు తెలియదు, తెలియనిది ఏమిటో చెప్పేవాళ్లు దొరకరు. ఆ రెండూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఎన్నేళ్లు పనిచేస్తే సీనియర్ అంటారు?

ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు అని కనిపిస్తుంది. వచ్చిన దరఖాస్తుల్ని వడపోసుకోవడానికి కంపెనీలు పెట్టుకునే లెక్క అది. ఏళ్లు అవసరమే, ఎందుకంటే కొన్ని పొరపాట్లు నాలుగైదు రకాల పనులు చేతిలోంచి వెళ్తేగానీ కంటికి ఆనవు. కానీ ఒకే పెళ్లికార్డు టెంప్లేటులో పదేళ్లు పేర్లు మారుస్తూ కూర్చుంటే అది పదేళ్ల అనుభవం అవదు.

జూనియర్ దగ్గరికి పని వచ్చేసరికి సైజు, రంగు, ఫొటో, మ్యాటర్ అన్నీ ఎవరో తేల్చేసి ఉంటారు. సీనియర్ దగ్గరికి ఇంకా ఏదీ తేలని పని వస్తుంది. "కొత్తగా రొయ్యల మేత బ్రాండు పెడుతున్నాం, బస్తా ఎలా ఉండాలో మీరే చెప్పండి" అంటారు. ఏమడగాలో, ఏం చూడాలో, ఏది వద్దనాలో అప్పుడు మీకు తెలిసి ఉండాలి. ఫైలు ప్రెస్సుకు వెళ్లాక ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పాల్సిందీ మీరే. ఆ బాధ్యత మోయగలిగిన రోజు నుంచి మీరు సీనియర్, కార్డు మీద ఏ పేరున్నా.

డిగ్రీ తప్పనిసరా? నేను బీకామ్ చదివాను.

తప్పనిసరి కాదు. డిజైన్ చదువు మంచిదే, చదవగలిగే వయసులో ఉన్నవాళ్లకు దారులు కూడా దగ్గరలోనే ఉన్నాయి. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ 2015లో మొదలైంది, అక్కడ బీడిజైన్ నాలుగేళ్లు. కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఇంటర్ చదువుతున్న తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ పేర్లు ఇప్పుడే చెప్పండి. ఇంజినీరింగు కౌన్సెలింగు మొదలయ్యాక చెప్తే లాభం లేదు.

బీకామ్ చదివి ఈ పనిలోకి వచ్చినవాళ్లు మూడు విషయాలు సొంతంగా పట్టుకోవాలి: అక్షరం, అమరిక, రంగు. ఇవి సాఫ్ట్‌వేర్ కోర్సులో చెప్పరు. మంచి పత్రిక పేజీ ఒకటి తీసుకుని స్కేలు పెట్టి కొలవండి. మార్జిన్ ఎంత, వరసకీ వరసకీ మధ్య ఖాళీ ఎంత, హెడ్డింగు మ్యాటర్‌కి ఎన్ని రెట్లుంది? అదే పేజీని మీ సిస్టమ్‌లో మళ్లీ కట్టండి. కోర్సు ఫీజు కట్టకుండా నేర్చుకోగలిగినంత నేర్చుకుంటారు.

ఏ సాఫ్ట్‌వేర్లు రావాలి?

ఫొటోషాప్, ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్. ఈ మూడూ ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు. ఫొటోషాప్ ఫొటోలకి, ఇలస్ట్రేటర్ లోగోలకి, బొమ్మలకి, ప్యాకింగులకి, ఇన్‌డిజైన్ పేజీలు ఎక్కువున్న పనికి. నలభై పేజీల బ్రోచరుని ఫొటోషాప్‌లో కట్టిన ఫైలు చూడగానే ఎదుటివాళ్లకు మీ స్థాయి అర్థమైపోతుంది. కోరల్‌డ్రా మన ప్రాంతపు ప్రెస్సుల్లో ఇంకా రోజూ నడుస్తుంది కాబట్టి దాన్ని వదలొద్దు. యాప్‌లు, వెబ్‌సైట్ల పనికి ఫిగ్మా కావాలి. డబ్బులు పెట్టలేని దశలో ఇంక్‌స్కేప్, గింప్ ఉచితమే, నేర్చుకోవడానికి బాగా పనికొస్తాయి.

పేజ్‌మేకర్, అను ఫాంట్లు నాకు కొట్టిన పిండి. అది చాలదా?

ఈ ప్రశ్నకు వివరంగానే చెప్పాలి. మన దగ్గర చాలామంది చెయ్యి తిరిగినవాళ్లు ఆగిపోతున్నది ఇక్కడే.

పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్. దాని చివరి వెర్షన్ 7.0, వచ్చింది 2001లో. అను ఫాంట్లు పాత పద్ధతివి. తెరమీద 'అ' కనిపిస్తున్నా, ఫైలు లోపల ఉన్నది తెలుగు 'అ' కాదు, ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. అందుకే ఆ మ్యాటర్‌ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. గూగుల్‌కి దొరకదు, వెబ్‌సైట్లో పనికిరాదు, ఫోన్లో చదివి వినిపించే యాప్ దాన్ని చదవలేదు. కాగితం మీద మాత్రం అందంగా ఉంటుంది. ప్రెస్సు పనికి ఇన్నాళ్లూ అది చాలింది.

పెద్ద సంస్థల్లో ఇప్పుడు ఒకే మ్యాటర్ పోస్టరుకీ, వెబ్‌సైటుకీ, ఫోనుకీ వెళ్లాలి. దానికి యూనికోడ్ కావాలి, అంటే ఏ ఫోనులోనైనా ఏ కంప్యూటర్‌లోనైనా ఒక అక్షరానికి ఒకే కోడ్ ఉండే పద్ధతి. యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాలున్నాయి. ఒక్కో అక్షరం ఒక్కో స్థానంలో ఉంటుంది, ఒత్తులూ గుణింతాలూ కలిపి కట్టే పని ఫాంటుది, సాఫ్ట్‌వేర్‌ది. సాఫ్ట్‌వేర్‌లో సరైన సెట్టింగు లేకపోతే 'స్త్రీ' విడిపోయి ముక్కలుగా కనిపిస్తుంది. "అడోబీలో తెలుగు రాదన్నా" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. వస్తుంది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోకి వెళ్లి అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ఇండిక్ ఆప్షన్లు చూపించమని టిక్కు పెట్టండి. ఫొటోషాప్‌లోనూ టైప్ సెట్టింగులోనే ఉంటుంది. ఈ మార్పుతో ఒత్తులు చోటికి చేరతాయి.

మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, గురజాడ, పెద్దన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, నోటో సాన్స్ తెలుగు, తిరో తెలుగు ఉన్నాయి. మ్యాటర్‌కి మండలి, నోటో, తిరో నిలబడతాయి. రామభద్ర హెడ్డింగులకే బాగుంటుంది, దాంతో పేరా మొత్తం పెడితే కళ్లు నొప్పి పుడతాయి.

ఇక తెలుగు అమరికలో ఇంగ్లీషు కొలతలు పనికిరావు. మన అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు, దాని కింద ఒక్కోసారి ఇంకో ఒత్తు. ఇంగ్లీషు 10 పాయింట్ల మ్యాటర్‌కి 12 పాయింట్ల లీడింగు (వరసకీ వరసకీ మధ్య దూరం) సరిపోతుంది. తెలుగుకి నేనైతే 15కి తగ్గను. ఫాంటులో బోల్డ్ లేదని చుట్టూ గీత పెట్టి లావు చేస్తారు, అప్పుడు 'ఠ', 'థ' లోపలి చుక్కలూ సున్నాలూ పూడుకుపోతాయి. అలా చేయకండి, వేరే ఫాంటు వెతకండి. అక్షరాల మధ్య ఖాళీ పెంచి స్టయిల్ చేయడం కూడా తెలుగుకి నప్పదు.

అను తెలిసినవాళ్లకు నా మాట ఒకటే. తెలుగు అక్షరం ఎక్కడ విరగాలో, ఎక్కడ విరగకూడదో మీ కంటికి ఇప్పటికే తెలుసు. హైదరాబాద్, బెంగళూరు కాలేజీల్లో చదివి వచ్చినవాళ్లలో చాలామందికి ఆ కన్ను లేదు. పనిముట్టు మార్చుకోండి, ఆ కన్ను మీకు అలాగే ఉంటుంది.

ప్రింటింగ్ గురించి ఎంత తెలియాలి?

ప్రెస్సువాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడగలిగేంత. బ్లీడ్ (కటింగులో పోయే అదనపు అంచు) 3 మిల్లీమీటర్లు, ఫొటోలు అసలు సైజులో 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో), ఫైలు సీఎంవైకేలో (సయాన్, మెజెంటా, ఎల్లో, నలుపు ఇంకుల పద్ధతిలో), ఇవి అందరికీ వచ్చు. సీనియర్‌ని చూసేది ఆ తర్వాతి విషయాల్లో.

ఒక ఉదాహరణ చెప్తాను. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి చేసేవాళ్లకు బ్రోచరు చేయాలనుకోండి. బ్లాక్ గెలాక్సీ రాయి అందమంతా చిక్కటి నలుపులో మెరిసే బంగారు రంగు చుక్కల్లో ఉంది. తెరమీద అద్భుతంగా కనిపిస్తుంది. ప్రింటయ్యాక చూస్తే నల్లటి బురదలా ఉంటుంది, చుక్కలు కనపడవు. ఎందుకు? నలుపు బాగా రావాలని సయాన్, మెజెంటా, ఎల్లో అన్నీ నిండుగా పెట్టి ఉంటారు. నాలుగు ఇంకులు కలిపి ఆర్ట్ పేపర్ మీద సుమారు 300 శాతం దాటితే కాగితం తాగలేదు. ఇంకు ఆరదు, పక్క షీటుకి అంటుతుంది, చుక్కలు చుట్టుపక్కల ఇంకు వ్యాపించి మూసుకుపోతాయి. సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40, నలుపు 100 పెడితే మొత్తం 240. నలుపు చిక్కగానే ఉంటుంది, చుక్కకి చోటు మిగులుతుంది. ఫొటోలో ఆ చుక్కల్ని విడిగా ఎంచి కొంచెం వెలుగు పెంచాలి, ఎందుకంటే ఇంకు వ్యాపించి ఎలాగూ కొంత తింటుంది. తర్వాత అదే కాగితం మీద ప్రూఫ్ (నమూనా ప్రింటు) తీసి, అసలు రాయి పలక పక్కన పెట్టి, పగటి వెలుగులో చూడాలి. ట్యూబ్‌లైటు కింద ఓకే చేయకండి.

అదే బ్రోచరులో చిన్న అక్షరాలకి మాత్రం ఈ నాలుగు రంగుల నలుపు వాడకూడదు. నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు అంచులు వస్తాయి. చిన్న మ్యాటర్ ఒక్క నలుపు 100లోనే ఉండాలి, ఓవర్‌ప్రింట్ పెట్టాలి, అంటే కింది రంగును ఖాళీ చేయకుండా దాని మీదే నలుపు పడాలి.

ఆర్ట్ పేపర్ 130 జీఎస్ఎంకీ (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో) 300 జీఎస్ఎం కార్డుకీ మడత దగ్గర తేడా, ఫాయిల్‌లో (మెరిసే రేకు అచ్చులో) ఎంత సన్నగీత వరకు నిలుస్తుంది, డై కటింగుకి (అచ్చుతో ఆకారంగా కోయడానికి) ఎంత ఖాళీ వదలాలి, ఇవన్నీ పుస్తకంలో చదివితే రావు. మీ ఊళ్లో ప్రెస్సు ఉంటే మెషిన్‌మ్యాన్ పక్కన నిలబడి చూడండి. పెద్ద నగరాల ఏజెన్సీల్లో డిజైనరు ప్రెస్సు గడప తొక్కకుండానే ఏళ్లు గడిచిపోతాయి. మీకు ఆ అవకాశం వీధి చివరనే ఉంది.

ప్రకటనల్లో 'కాన్సెప్చువల్ థింకింగ్' అని రాస్తారు. అదేమిటి?

గీసే ముందు ఆలోచించడం, ఆలోచించే ముందు వెళ్లి చూడటం. ఇందాకటి రొయ్యల మేత బస్తానే తీసుకోండి. తెరమీద బస్తా ఎదురుగా నిలబడి ఉంటుంది, దాని మధ్యలో పెద్ద రొయ్య బొమ్మ పెడతాం. మేత దుకాణానికి వెళ్లి చూస్తే బస్తాలు ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి ఉంటాయి. కనిపించేది పక్క అంచులు, కుట్టు వేసిన కొసలు. రైతు నిలబడే చోటు నుంచి బ్రాండు పేరూ, ఏ వయసు రొయ్యకి ఏ నంబరు మేతో తెలిపే అంకే కనపడాలి. అవి పక్క అంచుల మీద లేకపోతే ముందువైపు ఎంత బాగా గీసినా ఉపయోగం లేదు. పైగా నేసిన ప్లాస్టిక్ బస్తా మీద సన్నటి గీతలూ, రంగులో రంగు కలిసిపోయే షేడ్లూ నిలవవు. నాలుగు గట్టి రంగులు, లావు అక్షరాలు కావాలి. చెరువు గట్టున తడి చేత్తో పట్టుకుంటారు కూడా. ఇవన్నీ దుకాణంలో గంటసేపు నిలబడితే తెలిసే సంగతులు, కంప్యూటర్ ముందు రాత్రంతా కూర్చున్నా తెలియవు.

ఫ్లెక్సీ పనిని అనుభవంగా చెప్పుకోవచ్చా? నామోషీగా ఉంటుందేమో.

నిస్సంకోచంగా చెప్పండి. దూరం నుంచి చదవగలిగేలా అక్షరం పెట్టడం పెద్ద విద్య.

నెల్లూరు రొట్టెల పండగనే చూడండి. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జనం దిగి, విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె అంటూ ఎవరి కోరికను బట్టి వాళ్లు రొట్టెలు మార్చుకుంటారు. ఏ రొట్టె ఎక్కడో చెప్పే బోర్డులు ఉంటాయి. నీళ్లలో నిలబడిన మనిషికి, ముందున్న తలల మీదుగా, ఎండలో, ఆ బోర్డు చదవగలిగేలా ఉండాలి. తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ వచ్చేవాళ్లుంటారు. బోర్డు మీద ఉర్దూ కూడా ఉంటే, అది కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి బాణం గుర్తు ఏ వైపు పెడితే ఎవరు తికమకపడతారో ఆలోచించాలి. అలాంటి బోర్డు ఒకటి సరిగ్గా చేసి, ఎందుకలా చేశారో రెండు పేరాల్లో రాసి పోర్ట్‌ఫోలియోలో (మీరు చేసిన పనుల సంకలనంలో) పెట్టండి. ఏ ఇంటర్వ్యూలోనైనా దాని దగ్గర ఆగుతారు.

సైన్‌బోర్డుల్లో ప్రతి పది అడుగుల దూరానికి అక్షరం ఒక అంగుళం ఎత్తు అనే లెక్క వాడుకలో ఉంది. ఒత్తులున్న తెలుగుకి ఇంకాస్త పెంచండి. 20×10 అడుగుల ఫ్లెక్సీకి 300 డీపీఐ పెట్టి సిస్టమ్ స్తంభించిపోయిందని బాధపడేవాళ్లు కనిపిస్తుంటారు. అది 72,000×36,000 పిక్సెళ్లు. అంత దూరం నుంచి చూసేదానికి అసలు సైజులో 72 నుంచి 100 చాలు.

ఎన్నికల పనులు చేసేవాళ్లకి ఒక ముఖ్యమైన సంగతి. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టరు మీద ప్రింటరు పేరు చిరునామా, ప్రచురించేవారి పేరు చిరునామా ఉండాలి. లేకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. "చోటు లేదు, తీసేయ్ అన్నా" అని ఎవరన్నా తీయకండి.

తినే వస్తువుల ప్యాకింగు చేయాలంటే ఏం తెలియాలి?

అందం కన్నా ముందు చట్టం. నెల్లూరు మలై కాజా డబ్బా అనుకుందాం. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ వృత్తం, పదార్థాల జాబితా, పోషక విలువలు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, తయారీదారు చిరునామా, ఫిర్యాదుకి ఫోను నంబరు ఉండాలి. చేపల పచ్చడైతే మాంసాహార గుర్తు, అంటే గోధుమరంగు చదరంలో గోధుమరంగు త్రిభుజం. పాత డిజైన్లలో త్రిభుజం బదులు వృత్తం ఉంటుంది, దాన్నే కాపీ కొట్టేస్తుంటారు. చూసుకోండి. ఈ వివరాలన్నిటికీ ముందే చోటు తీసి పెట్టి, మిగిలిన దాంట్లో డిజైన్ చేయడం సీనియర్ పద్ధతి. చివర్లో ఇరికిస్తే డబ్బా వికారంగా తయారవుతుంది.

క్లయింటు "లోగో పెద్దది చెయ్యి, ఇంకో రంగు వెయ్యి" అంటూనే ఉంటే?

ఆయన చెప్పేది మందుచీటీ, మీరు కనుక్కోవాల్సింది జబ్బు. లోగో పెద్దది చేయమంటే, షాపు పేరు జనానికి గుర్తుండదేమో అన్న భయం ఉందన్నమాట. "అలాగేనండీ, ఒక్కమాట, ఇది ఎక్కడ పెడతారు? ఎవరు చూస్తారు?" అని అడగండి. చాలాసార్లు లోగో చుట్టూ ఖాళీ పెంచితే సమస్య తీరిపోతుంది. రెండు నమూనాలు చేసి, గోడకి అతికించి, ఆయన్ని పది అడుగుల దూరంలో నిలబెట్టి చూపించండి. మాటలతో గెలిచిన వాదన మనసులో మిగిలిపోతుంది, కళ్లతో చూసింది ఒప్పేసుకుంటారు.

ఎన్నిసార్లు మార్పులు చేస్తారో, ఎప్పటికి ఇస్తారో మొదట్లోనే రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లోనైనా పెట్టండి. బిల్లులో డిజైన్ చార్జీని ప్రింటింగు నుంచి విడగొట్టండి. మన దగ్గర "ప్రింటింగు మా దగ్గర చేయిస్తే డిజైను ఫ్రీ" అనే అలవాటు వల్ల మంచి డిజైనర్లు ఊరు వదిలి పోతున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

జూనియర్లను నడిపించడం కూడా నా పనేనా?

అవును, సీనియర్ పనిలో సగం అదే. మౌసు లాక్కుని మీరే చేసేయడం నేర్పడం కాదు. "ఇది బాలేదు" అనకుండా, "ధర కన్నా ముందు కన్ను ఎక్కడికి పోతోందో చూడు తమ్ముడూ" అనండి. ఫైళ్లకి పేర్లు, ఫోల్డర్లు, ఫాంట్లు ఒక పద్ధతిలో ఉంచండి. మీరు సెలవులో ఉన్న రోజు వేరేవాళ్లు ఫైలు తెరిచి పని పూర్తి చేయగలగాలి.

కాన్వా (రెడీమేడ్ టెంప్లేట్లతో డిజైన్లు చేసే యాప్), ఏఐ వచ్చాయి. ఇంకా ఈ పని ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

టెంప్లేటులో పేరు మార్చే పని తగ్గుతుంది, అందులో దాపరికం లేదు. షాపుల వాళ్లు పండగ శుభాకాంక్షల పోస్టులు ఇప్పటికే సొంతంగా చేసుకుంటున్నారు. అయితే బొమ్మలు గీసే ఏఐ తెలుగు అక్షరాల్ని తరచూ చెడగొడుతుంది, లేని ఒత్తులు పుట్టిస్తుంది. అది రేపు సరవుతుందనే అనుకోండి. అప్పుడైనా బస్తాలు దుకాణంలో పడుకోబెట్టి ఉంటాయని వెళ్లి చూసి రావాల్సింది మనిషే. ఐడియాలు వెతకడానికి, బ్యాక్‌గ్రౌండ్ తీసేయడానికి, డమ్మీ చూపించడానికి ఏఐ వాడండి. ఏది వాడారో క్లయింటుకి చెప్పండి.

పాత కంపెనీలో చేసిన పనిని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా?

అడిగి పెట్టుకోండి. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. విడిగా ఫ్రీలాన్సు చేసిన లోగో హక్కు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగా లెక్కిస్తారు. ఈ సంగతి తెలియక డిజైనర్లూ క్లయింట్లూ తర్వాత గొడవ పడతారు.

పోర్ట్‌ఫోలియోలో ఎనిమిది, పది పనులు చాలు. ఒక్కోదానికి సమస్య ఏమిటి, మీ పాత్ర ఎంత, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు, రాయండి. ఎవరో చేసినదాన్ని మీదిగా పెట్టకండి, రెండు ప్రశ్నల్లో బయటపడుతుంది.

నెల్లూరులోనో ఒంగోలులోనో ఉంటూ ఈ స్థాయికి రావచ్చా?

రావచ్చు, ఇంటి నుంచి పనిచేయించుకునే సంస్థలు ఇప్పుడున్నాయి. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, పొద్దున రైలెక్కి మీటింగు చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. కాకపోతే ఇంగ్లీషులో మీ డిజైను గురించి ఐదు నిమిషాలు మాట్లాడటం ప్రాక్టీసు చేయండి. గ్రామర్ గొప్పగా ఉండక్కర్లేదు, కారణం స్పష్టంగా ఉంటే చాలు. ఒకటి రెండేళ్లు పెద్ద టీములో పనిచేసి వస్తే మంచిదే, ఇతరులు మీ పనిని విమర్శిస్తుంటే వినడం అక్కడ అలవాటవుతుంది.

ఇంటర్వ్యూలో ఏం పరీక్ష పెడతారు?

సాధారణంగా ఒక చిన్న బ్రీఫ్ (ఏం చేయాలో చెప్పే కాగితం) ఇచ్చి కొన్ని గంటలో, ఒకట్రెండు రోజులో టైమిస్తారు. వెంటనే ఫొటోషాప్ తెరవకండి. ఎవరికోసం, ఎక్కడ వాడతారు, ఏం తప్పనిసరిగా ఉండాలి అని తిరిగి అడగండి. చాలామంది అక్కడ మార్కులు పోగొట్టుకుంటారు. వెబ్ పని అయితే మ్యాటర్‌కీ వెనక రంగుకీ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉందో లేదో చూసి చెప్పండి. ప్రింటు పని అయితే బ్లీడ్‌తో పీడీఎఫ్ ఇవ్వండి, ఫాంట్లు ఎంబెడ్ చేయండి (పీడీఎఫ్ లోపలే ఉండేలా చూడండి). లేయర్లకు పేర్లు పెట్టిన అసలు ఫైలు కూడా దగ్గర ఉంచుకోండి, చూపించమంటారు. ప్రింటయిన నమూనాలు ఉంటే సంచిలో వేసుకెళ్లండి. ఫాయిల్ కొట్టిన కార్డు, మడత పెట్టిన డబ్బా చేతికిస్తే, ల్యాప్‌టాప్‌లో చూపించే ఇరవై స్లైడ్ల కన్నా ఎక్కువసేపు మీతో మాట్లాడతారు.